పటాలం ముందా, తిరుగుబాటు ముందా

2007 జూన్‌లో అరిజోనాలోని చాండ్లర్‌లో, బడి పరీక్షల ప్రశ్నపత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో సాంఘిక శాస్త్రం సీనియర్ రివ్యూయర్‌గా చేరాను. ప్రశ్నలు రాసేవారు వేరు. వారు రాసిన ప్రశ్ననూ, దాని కింది నాలుగు జవాబులనూ, వాటిలో సరైనదేదో చెప్పే 'కీ'నీ సరిచూసి సంతకం పెట్టడం నా పని. నా పైఅధికారి కరోల్, ఆ విభాగానికి కంటెంట్ లీడ్.

కొత్త ప్రశ్నను మొదటి ఏడాది మార్కులు లేకుండా అసలు పరీక్షలో కలిపి పెడతారు. పిల్లలకు ఆ సంగతి తెలియదు. వారి జవాబులు చూశాకే మరుసటి ఏడాది దానికి మార్కులు వేస్తారు. నేను చేరిన రెండో వారంలో అలా ఒక ఏడాది గడిచిన ఎనిమిదో తరగతి ప్రశ్న నా బల్ల మీదికి వచ్చింది: '1768లో బ్రిటిష్ ప్రభుత్వం బోస్టన్‌కు సైన్యాన్ని ఎందుకు పంపింది?' కీ ప్రకారం సరైన జవాబు 'ఎ': వలసవాసుల సాయుధ తిరుగుబాటును అణచడానికి. 'సి'లో ఇలా ఉంది: పన్నుల చట్టాలను అమలు చేయడానికి, సుంకం అధికారులను కాపాడడానికి.

1768లో సాయుధ తిరుగుబాటు లేదు. జనం కొత్త సుంకాలను ఎదిరించారు, బ్రిటిష్ సరుకు కొనడం మానారు, సుంకం అధికారులకు ఊళ్ళో నిలవనీడ లేకుండా చేశారు. సైన్యం దిగింది అందుకు. యుద్ధం మొదలైంది 1775లో. విశాఖలో చరిత్ర ఎం.ఏ. చదివినదాన్ని, ఇందుకు పుస్తకం తెరవక్కర్లేదు. అయినా మూడు తెరిచి చూశాను.

ఆ మధ్యాహ్నమే మా గణాంకాల విభాగం నుంచి సంధ్య వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, హెచ్-1బి వీసా మీద పనిచేసేది.

"అక్కా, ఈ బోస్టన్ క్వశ్చన్ డేటా చూసిన్రా? మిగతా పేపర్ మంచిగ రాసిన పిల్లలంత ఈడ సి పెట్టిన్రు. వీక్ స్టూడెంట్సే ఎ పెట్టిన్రు. కీ రాంగ్ ఉంటేనే ఇట్లయితది."

"రిపోర్ట్‌లో పెట్టావా?"

"కీ తప్పుందని ఫ్లాగ్ చేసిన. కరోల్ తీసేసింది. నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉంది అక్కా, జర నా పేరు రానియ్యకున్రి."

రానివ్వనన్నాను.

కరోల్‌తో మాట్లాడాను. ఆ కీని రాష్ట్ర ఉపాధ్యాయుల కమిటీ ఆమోదించిందనీ, ఇప్పుడు మారిస్తే అచ్చు ఆలస్యమవుతుందనీ అంది. పదమూడేళ్ళ పిల్లలకు ఇంత సూక్ష్మం అనవసరమని కూడా అంది. ఆ సూక్ష్మం తెలిసినవాళ్ళు ఆ పదమూడేళ్ళ పిల్లలేనన్నాను. ఈ పరీక్ష తప్పినవారు వేసవి బడికి వెళ్ళాలి. పాసుకూ ఫెయిలుకూ అంచున ఉన్న పిల్లకు ఒక్క మార్కే హద్దు. పాఠం సరిగ్గా చదివినందుకు ఆ మార్కు పోగొట్టే కాగితం మీద నా పేరు ఉండదని చెప్పి వచ్చాను.

తరువాతి వారం ఆ ఉపాధ్యాయుల కమిటీ సమావేశంలో ఆ ప్రశ్న రాగానే లేచి నా అభ్యంతరం చెప్పాను. ముప్పయ్యేళ్ళు చరిత్ర బోధించిన ఒక పెద్దాయన, మర్యాదగానే, "ఇది మా దేశ చరిత్ర. మావాళ్ళు తిరగబడ్డారంటే మీకేం ఇబ్బంది?" అని అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. గొంతు మాత్రం పెంచలేదు.

"నేనూ ఈ దేశ పౌరురాలినే, ఇది నా చరిత్ర కూడా," అన్నాను. "నేను పుట్టిన దేశాన్నీ బ్రిటిష్ వాళ్ళే ఏలారు. అక్కడా శిస్తు వసూలు చేసేవాడి వెనకాలే పటాలం వచ్చేది. తిరుగుబాటు ఆ తరువాత. ఈ కీ ఆ వరస తిరగేస్తోంది. ముందు మనవాళ్ళే తుపాకులు పట్టారని చెబితే, సైన్యాన్ని పంపిన రాజుదే న్యాయమవుతుంది. మన పిల్లలకు రాజుగారి వాదన నేర్పుదామా?"

పెద్దాయన నా పుస్తకాలు అడిగి తీసుకుని, పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. కమిటీ ఏమీ తేల్చకుండానే లేచింది.

మరునాడు కరోల్ ఆమోదపత్రం నా ముందు పెట్టి, సాయంత్రం అయిదులోగా సంతకం కావాలంది. సంతకం గడిలో అడ్డగీత గీశాను. దాని కింద 'కీ తప్పు, సరైన జవాబు సి' అని రాసి, మూడు పుస్తకాల పేజీ సంఖ్యలు, తేదీ వేశాను. నిబంధన ప్రకారం లీడ్ నా బదులు సంతకం చేయవచ్చు. అయితే నా తిరస్కరణ పత్రం ఫైలుతోపాటు రాష్ట్ర విద్యాశాఖకు వెళ్ళి తీరాలి. కరోల్ నా ఎదుటే సంతకం చేసింది. ఆ పత్రాన్ని ఫైలులో పెట్టేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు.

నెల తరువాత విద్యాశాఖ నుంచి ఒక వాక్యం వచ్చింది: కీని 'సి'గా మార్చవలెను. కారణం రాయలేదు. కరోల్ ఆ ప్రస్తావన తేలేదు. మరుసటి సీజన్‌లో నన్ను చరిత్ర నుంచి తప్పించి భూగోళం మ్యాపుల్లో అక్షర దోషాలు దిద్దే పనిలో వేసింది. మూడేళ్ళు ఆ పని చేశాను. క్షమాపణ చెప్పలేదు, బదిలీ అడగలేదు. సంధ్య పేరు ఎక్కడా రాలేదు, ఆమె వీసా పొడిగింపు వచ్చింది. 2015లో రిటైరయ్యేదాకా అదే కంపెనీలో ఉన్నాను.

రివ్యూయర్‌కు కీని మార్చే అధికారం లేదు, ప్రశ్నను ఆపే అధికారమూ లేదు. చేతిలో ఉన్నవి రెండే: సంతకం పెట్టకపోవడం, ఎందుకు పెట్టలేదో పేజీ సంఖ్యతో రాయడం. ఆ రెండూ వాడుకున్నవారికి మూడోది అక్కరలేదు.