కాలరు చిరుగు

పెదవుల మధ్య గుండుసూదులు, మెడలో టేపు. టైలరమ్మ ఎవరినైనా మొహం కంటే ముందు బట్టల కుట్టు చూసి గుర్తుపడుతుంది. సూదులు నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడదు కాబట్టి మెతక మనిషని పేరు. విడిపోయిన మొగుడు, పాప ఖర్చుకి నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు సగానికి తగ్గించమని కోర్టుకెక్కినప్పుడు కూడా ఆమె నోరెత్తలేదు.

వాయిదా రోజు ఆ పెద్దమనిషి చిరిగిన కాలరుతో వచ్చి, "పూట గడవడం లేదండీ," అంటూ కళ్లొత్తుకున్నాడు. జడ్జిగారు జాలిగా చూశారు. టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అరిగిన కాలరు మడత దగ్గర పీచు లేస్తుందండీ. ఇది బ్లేడుతో తిన్నగా కోసింది. కోశాక ఒక్క ఉతుకైనా పడలేదు!"

అతని చెయ్యి గబుక్కున కాలరు మీదికి పోయింది.

ఆమె సంచిలోంచి పాప స్కూలు గౌను తీసి బల్ల మీద పరిచింది. అంచు పైన వెలిసిపోయిన మడత గీతలు మూడున్నాయి.

"పిల్ల పొడుగైనప్పుడల్లా ఒక మడత విప్పాను. ఇక విప్పడానికి గుడ్డ లేదు. ఎదగడం కూడా సగానికి తగ్గించుకోమని దానికి చెప్పమంటారా అండీ?"