బురదలో నిలబడి తిట్టిన రోజు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు జీతం నెలాఖరుకు వచ్చేది, కోపం మాత్రం రోజూ వచ్చేది. నాచారం నుంచి మల్లాపూర్ వైపు వెళ్తే ఒక చిన్న చెరువుంది. దాని అంచున తడినేల మీద గడ్డి, అడవిపూల మొక్కలు పెంచడం మా సంస్థ పని. తుంగ, పొన్నగంటి, నీరుగొబ్బి మొక్కల్ని తొలివానలకు బురదలో దిగి నాటాం. (గింత సదివి నాట్లేస్తున్నవా అని మా అమ్మ రోజూ అడిగేది.) వానలు తగ్గాక నీరుగొబ్బి ఊదాపూలు పూస్తే, ఫోటోలు తీసి ఆఫీసులో అందరికీ పంపాను.

మర్నాడు వెళ్ళేసరికి అంచంతా నున్నగా గొరిగేసి ఉంది. చెరువు పక్క కాలనీ సంఘం అధ్యక్షుడు, మేం వాకింగ్ మామ అని పిలుచుకునే పెద్దమనిషి, చేతులు వెనక్కి కట్టుకుని మురిసిపోతున్నాడు. మెషీన్‌తో కోయించింది ఆయనే. పిచ్చిమొక్కల్లోకి పాములొస్తాయట, ఇక్కడ ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మొక్కల వేళ్ళే గట్టును పట్టి ఉంచేవని, మీ కాలనీ మురికిని వడగట్టేవి అవేనని గుక్క తిప్పుకోకుండా అరిచాను. ఆయన అంతా విని, "గివి నువ్వు పెట్టినవా బిడ్డా? ఒక బోర్డన్న పెట్టొద్దా? మాకేమెర్క?" అన్నాడు.

అందులో న్యాయముంది. అందుకే ఇంకా మండింది. వేళ్ళు చూపిస్తానని విసురుగా నీళ్ళ వైపు నడిచి, మోకాళ్ళ దాకా దిగబడిపోయాను. అక్కడి నుంచే తిట్టడం కొనసాగించాను. చెయ్యి అందించబోయిన మామ జారి, తెల్ల బూట్లతో సహా నా పక్కనే కూలబడ్డాడు. నవ్వాల్సింది, నాకు ఏడుపొచ్చింది. ఆయన బురదలో తడుముకుంటూ కోసేసిన తుంగ మొదళ్ళు దొరకబుచ్చుకుని, వాటినే ఆసరాగా పట్టుకుని లేచాడు. అంత మనిషి లాగినా అవి ఊడిరాలేదు.

"జర గట్టిగనే ఉన్నయి," అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు.

ప్లాస్టిక్ గడ్డి రాలేదు. తుంగ తనంతట తనే చిగురించింది, నీరుగొబ్బి మళ్ళీ నాటుకున్నాం. మామ మాత్రం నన్ను చూస్తే చాలు, అవతలి దారిన నడిచేవాడు.

ఇప్పుడు ఉప్పల్ వైపు ఇంకో చెరువు అంచుకు సిమెంటు పోస్తున్నారు. అధికారి దగ్గరికెళ్ళి, టీ తాగి, నెమ్మదిగా మాట్లాడి, ఆలోచిస్తామన్న మాట పుచ్చుకుని వచ్చాను. ఆ వయసులోనైతే ఈపాటికి సిమెంటు లారీకి అడ్డంగా నిలబడి డ్రైవరుతో పోట్లాడుతుండేదాన్ని. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడప్పుడు, తననే మళ్ళీ పిలిస్తే బాగుండుననీ అనిపిస్తుంది.