కొత్త డ్రమ్మర్, బాపు సాంచ

లాక్‌డౌన్ల మా లింబాయత్ గల్లీల బట్ట నేసే సాంచలన్నీ బంద్ అయినయి. ఇల్లు సదురుతుంటే చిన్నప్పటి హెవీ మెటల్ క్యాసెట్ దొరికింది. పెన్సిల్‌తోని రీలు బిగించి టేప్‌రికార్డర్ల ఏసిన.

యాదికున్నదా దోస్తులూ, మా బాపు సాంచ నడుపుతుంటే ఆ పక్కనే కూసొని దీన్ని వింటుంటిమి. ఈ ఆల్బంకు బ్యాండుల డ్రమ్మర్ మారిండు. పాతోడే నయమని మన శీను, కొత్తోని దెబ్బకు గోడలు అదురుతున్నయని నేను, రోజూ లొల్లి.

ఇయ్యాల వింటే డ్రమ్స్ గింత పల్చగున్నయేంది అనిపించింది. శీనుకు ఫోన్ల వినిపిచ్చిన.

"గోడలు అదిరింది డ్రమ్మర్‌తోని కాదురా, మీ బాపు సాంచతోని" అన్నడు.

బాపు పోయి నాలుగేండ్లయింది. రేపో మాపో గల్లీల సాంచలు మళ్ల నడుస్తయి. ఆయన సాంచను నేనే తుక్కు కింద అమ్మిన.