ఇంట్లో రాని జబ్బులు

నూజివీడు మామిడి వర్తకులు వీరరాఘవయ్యగారికి ఇంట్లో ఉండగా ఏనాడూ జబ్బు చేసిన పాపాన పోలేదు. ఆయనకు రోగం రావాలంటే ఊరు దాటాలి, తోట చేరాలి, కోత కూలీల పాకలో నులకమంచం మీద నడుం వాల్చాలి. అప్పుడు వచ్చేది. వచ్చిందంటే మామూలుగా వచ్చేది కాదు. డాక్టరు లక్ష్మీనరసింహారావుగారు జట్కా కట్టించుకుని పరుగెత్తుకు రావలసినంత ఘనంగా వచ్చేది.

మిగతా వర్తకులు సాయంత్రాలు అరుగు మీద చేరి ఎవరెన్ని తోటలు గుత్తకు పట్టారో, ఎవరి రసాలు కలకత్తా రైలెక్కాయో గొప్పగా చెప్పుకునేవారు. వీరరాఘవయ్యగారు తన రోగాలు చెప్పుకునేవారు.

"చాట్రాయి తోటలో నాకొచ్చిన గుండెదడ లాంటిది ఈ జిల్లాలో ఇంకెవరికైనా వచ్చిందేమో కనుక్కోండి. డాక్టరంతటివాడు గొట్టం పెట్టి విన్నాడు, తీశాడు, తుడిచి మళ్లీ పెట్టాడు!"

"ఏం వినిపించిందన్నాడు?"

"ఏమీ వినిపించలేదన్నాడు. అంత లోతున ఉందన్నమాట!"

ఈ ప్రతిష్ఠ వింటుంటే ఆయన భార్య నాగేంద్రమ్మగారికి తల కొట్టేసినట్టుండేది. ఎందుకుండదూ! ఇంట్లో పందిరిమంచముంది, పరుపుంది, వేణ్ణీళ్లున్నాయి, అన్నిటినీ మించి ఆమె ఉన్నారు. ఇవన్నీ ఉన్నచోట ఆయన గుండ్రాయిలా ఉండేవారు. పప్పు, పులుసు, పెరుగు వరసగా లాగించి, మోచేతుల దాకా కారుతుండగా రసాలు జుర్రి, గుర్రుపెట్టి నిద్రపోయేవారు. తెల్లారగానే తోటకు వెళ్లి అక్కడ మంచం పట్టేవారు.

"ఇంటి తిండి అన్నయ్యగారి ఒంటికి పడటం లేదేమో వదినా," అని పక్కింటి సత్యవతి ఒకసారి గోడమీదుగా జాలిపడింది. ఆ తరవాత చాలా రోజులు నాగేంద్రమ్మగారు ఆ గోడవైపే చూడలేదు.

ఆమె తీరు వేరు. పుట్టి బుద్ధెరిగాక మందన్నది నాలిక మీద వేసుకోలేదు. తలనొప్పి వస్తే నుదుటికి గుడ్డ బిగించి మినుములు చెరిగేవారు. ఇక అబద్ధం ఆడటమన్నది ఆమెకు చేతకాని పని. పెళ్లిచూపుల్లో "పాట వచ్చా అమ్మాయ్?" అని అడిగితే "వచ్చండీ, కాని వింటే మీరు కూర్చోలేరు," అని చెప్పిన మనిషి. అలాంటావిడకు ఇలాంటాయన.

"మందు సీసా ఏదండీ?" అని నిలదీసేవారు ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే.

"అయిపోయింది."

"పొద్దున ఇచ్చిన సీసా సాయంత్రానికే?"

"జబ్బు గట్టిది నాగేంద్రం. పీల్చేసింది."

ఒక సంగతి మాత్రం ఆమె కనిపెట్టారు. జబ్బు ఒకచోట నిలవదు. కోత ముఠా ఏ తోటకు మారితే జబ్బూ ఆ తోటకే మారేది. చాట్రాయిలో కోత సాగినన్నాళ్లూ అక్కడ దగ్గు, గుండెదడ. ముఠా విస్సన్నపేట దారికి తరలగానే అక్కడ కడుపునొప్పి. ముఠాకు పెద్ద వెంకాయమ్మ అనే మనిషని తెలిసి నాగేంద్రమ్మగారికి ఇంకో రకం అనుమానం కూడా రాకపోలేదు. ఆ వెంకాయమ్మకు మునిమనవలున్నారని తెలిశాక అనుమానం పోయింది గాని కోపం పోలేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి కాపు విరగకాసింది. నూజివీడు చిన్నరసానికి సాటి భూమ్మీద లేదన్నది అప్పటికే లోకానికి తెలుసు. తెలియనివాళ్లెవరైనా మిగిలి ఉంటే వాళ్లకు ఆ ఏడు తెలిసింది. ఆ కాపుతో పాటే బాపులపాడు వైపు పల్లెల్లో అమ్మవారు పోసిందన్న కబురూ వచ్చింది. నూజివీట్లో అరుగరుగునా మశూచి టీకాలు వేశారు. నాగేంద్రమ్మగారు మాత్రం ఆ పూటంతా దొడ్లో గడ్డివాము చాటున గడిపారు. ఒంటి మీద గాటు పెడతారంటే ఆమెకు మహా భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకనాడు బండి తోలే బుచ్చయ్య రొప్పుతూ వచ్చాడు.

"అమ్మగారూ! విస్సన్నపేట దారి తోటలో అయ్యగారు పడిపోయారండీ! ఒళ్లంతా పొక్కులు!"

ఈసారి నాగేంద్రమ్మగారికి కోపం రాలేదు; డాక్టరుగారింటికి పరుగెత్తారు. డాక్టరుగారు కబురు వినీ వినగానే టీకాల పెట్టె కూడా తీసుకుని జట్కా ఎక్కారు. ఆమె అదే జట్కాలో వెనక ఎక్కి కూర్చున్నారు. తోటలకు ఆమె రావడం అదే మొదలు. దారి పొడుగునా తాను మొక్కగలిగిన దేవుళ్లందరికీ మొక్కారు.

పాకలో వీరరాఘవయ్యగారు నులకమంచం మీద మూలుగుతున్నారు. మెడ మీద, చేతుల మీద నీటిపొక్కులు. ఆ మూలుగులో కల్తీ లేదు. నాగేంద్రమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరుగారు మంచం మీదికి వంగారు. చూశారు. ఇంకా వంగారు. వాసన చూశారు.

"శెట్టిగారూ! అమ్మవారి కేసులు నేను చాలా చూశాను. ఏ రోగీ ఇలా చిన్నరసం వాసన కొట్టలేదు."

మామిడి సొన! కాయ కోసినప్పుడు తొడిమ దగ్గర చిమ్మే ఆ పాలు ఒంటికి తగిలితే పొక్కుతుందని ఆ ప్రాంతంలో ఉయ్యాల్లో పిల్లకు కూడా తెలుసు. వీరరాఘవయ్యగారు దాన్ని సున్నిపిండి రాసుకున్నంత శ్రద్ధగా రాసుకున్నారు. ఒక్కటే మరిచారు. మామిడికాయల మధ్య పుట్టి పెరిగిన ముక్కు ఆయనది. ఆ వాసన ఇంకొకరికి తెలుస్తుందన్న ఊహే ఆయనకు తట్టలేదు.

"ఊళ్లో నిజం రోగుల్ని వదిలేసి వచ్చాను నేను," అన్నారు డాక్టరుగారు, గొట్టం మడిచి జేబులో కుక్కుకుంటూ. "మీ గుండెదడలు భరించాను, మీ కడుపునొప్పులు భరించాను. ఇక మీరు నిజంగా పోతున్నారని కబురొచ్చినా రాను!" టీకాల పెట్టె చంకన పెట్టుకుని విసవిసా బయటికి నడిచారు.

"ఏంటండీ ఈ పని?" అని నిలదీశారు నాగేంద్రమ్మగారు. "దారంతా నా ప్రాణం నాలో లేదు తెలుసా! ఎందుకండీ ఈ దిక్కుమాలిన సరదా మీకు?"

మంచం పక్కనున్న ముసలావిడ, ముఠా పెద్ద వెంకాయమ్మ, అందుకుంది.

"అయ్యగారిని ఏం అనమాకండమ్మా. అయ్యి ఆయన రోగాలు కాదు. మాయి."

"మీవా?"

"మావేనమ్మా. మా సుబ్బులు బిడ్డకు జొరమొస్తే అయ్యగారికి జొరమొచ్చుద్ది. మావోళ్లకి కడుపునొప్పొస్తే అయ్యగారికి కడుపునొప్పి. ఏ రోగమని కబురెళ్తే డాక్టరుబాబు ఆ మందేగా పట్టుకొచ్చేది! వచ్చాక, ఎటూ వచ్చారుగా ఈళ్లనీ ఓపాలి చూడండంటాడు అయ్యగారు. పొద్దు వాలాక పాకల ముందు అందరం కూకుంటాం. ఎవరికి ఎక్కువ బాగోలేదో మాట్టాడుకుని, రేపు అయ్యగారికి ఏం రావాలో చెప్తాం. చాట్రాయి తోటలో గుండెదడ నాదే."

నాగేంద్రమ్మగారు మంచం వైపు చూశారు. వీరరాఘవయ్యగారు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"నీకు అబద్ధం రాదుగా నాగేంద్రం. డాక్టరు ఎదురుపడి అడిగితే చెప్పేస్తావు."

"మరి ఈ పొక్కులు?"

"పిల్లల కోసమమ్మా," అంది వెంకాయమ్మ. "టీకాలకు ఊళ్లోకి పోతే ఆ పూట కూలి పోద్ది. టీకాలాయన తోటకు వచ్చేసరికి మేం ఇంకో తోటకు మారిపోయాం. మా పిల్లల్లో ఒక్కరికీ పడలేదు. పొక్కులంటేనే గదా ఆ పెట్టె వచ్చేది!"

పాక మూల కాయలగంపలో, ఎండుగడ్డి మీద చంటిపిల్ల ఒకటి నిద్రపోతోంది. బయట గుర్రం మువ్వలు కదిలిన చప్పుడైంది. నాగేంద్రమ్మగారు కొంగు బిగించి పరుగెత్తారు. పట్టుచీరతో, పెద్ద బొట్టుతో, జట్కాకు అడ్డంగా ఎర్రమట్టిలో పడుకున్నారు.

"అమ్మా! ఏమైందమ్మా?" డాక్టరుగారు కిందికి దూకారు.

"జబ్బు చేసింది."

"ఏం జబ్బు?"

ఆమె నోరు తెరిచారు. మూశారు. ఎంత వెతికినా ఏదీ తోచలేదు. చివరికి పాక వైపు తిరిగి గట్టిగా అడిగారు. "ఏవండీ! ఏ జబ్బని చెప్పాలండీ?"

"గుండెదడ చెప్పు!" అని లోపలినుంచి కేక వచ్చింది. "అది వాళ్లకు దొరకదు!"

డాక్టరుగారు ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చెయ్యి అందించి లేవదీశారు. ఆమె లేచి, చీర దులుపుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశారు. వింటూ వింటూ డాక్టరుగారి నవ్వు సన్నగిల్లింది.

"మొదటే ఆయన నాతో చెప్పవచ్చుగా అమ్మా?"

"శెట్టిగారికి జబ్బంటే పరుగెత్తుకొచ్చారు బాబూ," అన్నారు నాగేంద్రమ్మగారు. "సుబ్బులు బిడ్డకంటే వచ్చేవారా?"

డాక్టరుగారు టీకాల పెట్టె దించారు.

పెట్టె దిగింది గాని పిల్లలు రాలేదు. తల్లులు పాకల వెనక్కి జరిగారు. గాటు పెడితే అమ్మవారు ఆగ్రహిస్తుందని ఒకరు, చెయ్యి పడిపోతుందని ఒకరు గుసగుసలు. నాగేంద్రమ్మగారు గుటక మింగి, కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి చాచారు.

"ముందు నాకు వేయండి."

"ఊళ్లో వేస్తుంటే గడ్డివాము చాటుకు పోయారటగా?"

"పోయాను. ఇక్కడ గడ్డివాము లేదు. కానివ్వండి."

గాటు పడింది. ఆమె కెవ్వుమన్నారు. సుబ్బులు బిడ్డనెత్తుకుని దగ్గరికి వచ్చి భయం భయంగా అడిగింది. "నొప్పా అమ్మగారూ?"

"నొప్పే."

"చీమ కుట్టినంతేనా?"

"చీమెక్కడిది! అంతకంటే ఎక్కువే. కాని ఓర్చుకోవచ్చు. ఇలా తే పిల్లని, నేను పట్టుకుంటాను."

నొప్పి లేదని చెప్పి ఉంటే ఎవరూ నమ్మి ఉండరు. ఉందన్న మనిషిని నమ్మారు. పిల్లలు వచ్చారు, తల్లులు వచ్చారు, కాయలు దింపే దోటీలు చెట్లకు ఆనించి కోతవాళ్లూ వచ్చారు. ఏడుపులతో తోటంతా మారుమోగింది. వీరరాఘవయ్యగారు పొక్కుల చేతులతోనే ఏడ్చిన ప్రతి బిడ్డకూ ఒక పండు పంచారు.

ఆ వేసవి ఆ పాకల్లో ఒక్క మొహం మీద కూడా మచ్చ పడలేదు. డాక్టరుగారు వారానికో పూట తోటలకు రావడం మొదలుపెట్టారు. ముఠా ఏ తోటలో దిగితే ఆ తోట మొగదల పొడుగాటి దోటికి తెల్లగుడ్డ కట్టి నిలబెట్టడం వెంకాయమ్మ పని. దారి వెతుక్కోకుండా జట్కా తిన్నగా అక్కడికే వచ్చేది. చూసి చూసి మిగతా వర్తకులూ తమ తోటల్లో గుడ్డలు కట్టించారు. మా రసాల పేరు దేశమంతా తెలుసు; ఆ గుడ్డల సంగతి ఎవరికీ తెలియదు. నన్నడిగితే నూజివీడు ముందు చెప్పుకోవలసింది ఆ గుడ్డల గొప్పే.

పాపం, వీరరాఘవయ్యగారికి మాత్రం ఇక జబ్బు పడే పని లేకపోయింది. అరుగు మీద కూర్చుంటే చెప్పుకోవడానికేమీ లేక ఆవులించేవారు. అలా ఉండగా తొలకరి జల్లులో తడిసి ఒకనాడు తుమ్మారు. మళ్లీ తుమ్మారు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. నాగేంద్రమ్మగారు నుదుటి మీద చెయ్యి వేసి చూసి, గొడుగు చేతికిచ్చి తోటకు పంపించారు.

తెల్లగుడ్డ కింద అప్పటికే వరస కట్టి ఉన్నారు. ఆయన వెళ్లి చివర నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి డాక్టరుగారు తలెత్తి చూసి, మందుల పెట్టె దగ్గరికి లాక్కున్నారు.

"చెప్పండి శెట్టిగారూ. ఏంటి?"

"జలుబండీ."

"ఎవరికి?"

వీరరాఘవయ్యగారు ముక్కు తుడుచుకుని, కాస్త సిగ్గుపడుతూ అన్నారు:

"ఈసారి నాకేనండీ."