కొంగుముడి వేసుకున్న గ్రహం

ఎల్బీనగర్ నుంచి షేర్ ఆటోలో వెళ్లి దిల్‌సుఖ్‌నగర్‌లో మా మనవరాలి బడి ముందు దిగేసరికి తెలిసింది, మా ఆయన దారి పొడుగునా నక్షత్రం మీద కూర్చున్నాడని. సైన్స్ ప్రదర్శన కోసం పిల్ల చేసిన థర్మోకోల్ బంతి అది. పక్కనున్న గ్రహం కూడా పిండి పిండి అయింది.

"తాతా! ఇది మంచిగుంటేనే జిల్లా పోటీకి పంపుతమన్నరు," అంటూ పిల్ల ఏడుపందుకుంది.

చార్టు ఒక్కటే మిగిలింది. చదువు నాకు ఈ మధ్యే వచ్చింది కాబట్టి గోడ మీద ఏ కాగితం కనబడినా వదలను. కూడబలుక్కుని చదివాను. నక్షత్రానికి మరీ దగ్గరగా తిరిగే పెద్ద గ్రహాలుంటాయట. వాటి దారిని ఆ నక్షత్రమే లాగి లాగి మారుస్తుందట.

"గంతేనా? నేను నక్షత్రమైత. మీ తాత గ్రహమైతడు," అన్నాను.

మా మధ్య దూరం తప్పకూడదని, వ్రతం నాడు వేసినట్టు నా కొంగుకూ ఆయన కండువాకూ ముడి వేశాను.

"నానమ్మ దిక్కే మొకం పెట్టి తిరుగు తాతా. దగ్గరి గ్రహం అట్లనే తిరుగుతది."

"పెండ్లైన కాన్నుంచి గదే పని బిడ్డా," అన్నాడాయన.

ఇంతలో మార్కులు వేసే మేడమ్ వచ్చారు. ఆయన తిరగడం మొదలుపెట్టాడు. ప్రదక్షిణ చేయించుకునే దేవుడు కదలడు కదా అని నేను బిగుసుకుని నిలబడ్డాను. కొంగు నా నడుముకు చుట్టుకుంటూ పోయింది. చుట్టు చుట్టుకూ ఆయన దగ్గరికొచ్చాడు. పిల్లలు ఈలలు వేశారు.

"జరుగే, మీద పడుతున్న!"

"నువ్వే జరుగు!"

ముక్కూ ముక్కూ కొట్టుకున్నాయి. మనవరాలు తల పట్టుకుంది.

"నానమ్మా, నువ్వు గూడ నీ సుట్టు నువ్వు తిరగాలె!"

మేడమ్ నవ్వాపుకుంటూ, "తిరక్కపోతే ఏమవుతుందో చెప్పమ్మా," అన్నారు.

పిల్ల మమ్మల్ని ఎగాదిగా చూసింది. కళ్లు తుడుచుకుంది.

"గిదే అయితది మేడమ్! గ్రహం జోరుగ, నక్షత్రం మెల్లగ తిరిగితే, నక్షత్రం దాన్ని ఎనకకు గుంజుతది. గ్రహం జర జర దగ్గరికొచ్చి ఆఖరికి దాంట్లనే పడుతది. కాకుంటే శానా శానా ఏండ్లు పడుతది."

"మరి నక్షత్రమే జోరుగా తిరిగితే?"

"గ్రహం దూరం పోతది మేడమ్."

"అయితే తిరుగే, జల్ది తిరుగు!" అన్నాడు మా ఆయన.

జిల్లాకు మా పిల్లనే ఎంపిక చేశారు. మోడల్ మాత్రం ఇదే ఉండాలన్నారు మేడమ్. ముడి ఎంతకీ ఊడి రాకపోతే అలాగే ఆటో స్టాండు దాకా నడిచాం.

"జిల్లా పోటీల నేను నక్షత్రమైత, నువ్వు తిరుగు," అన్నాడాయన.

"ముందు కూసునే కాడ సూసి కూసో," అన్నాను.