మా పెరట్లో హద్దురాయి

యుద్ధం పుణ్యమా అని రంగూన్ బియ్యం ఆగిపోయాక, సర్కారుకు మా పల్నాటి మెట్టచేల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక ఆఫీసరు నరసరావుపేట నుంచి బండి కట్టించుకుని, పాతకాలపు పటంతో మా ఊరు దిగాడు. అందులో ఊరికి పడమర చెరువు, దాని కింద వరిమళ్లు ఉన్నాయి. ఆ చెరువు పూడిపోయి జొన్నచేలయి ఓ తరం గడిచింది. పటం ప్రకారం కొలిచి, చెరువులో పడ్డ పైరు పీకించి, మళ్లీ తవ్విస్తానన్నాడు.

మా రెండెకరాలూ అచ్చంగా ఆ చెరువు కడుపులోనే ఉన్నాయి. జొన్న పొట్ట మీదుంది. అది పోతే ఇంటిల్లిపాదికీ ఏడాదంతా పస్తే. పైగా నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చిన బడిపంతుల్నని, కొలతగొలుసు పట్టడానికి నన్నే పిలిచారు.

"సర్కారు పనండీ. ఎవడి చేను పోతే మనకేంది?" అన్నాడు మునసబు, ఆఫీసరుకు కోడికూర వడ్డిస్తూ.

కొలత మొదలెట్టడానికి హద్దురాయి కావాలి. మా ఊళ్లో హద్దురాళ్లు ఏనాడో చేలు వదిలి కాపరాలకొచ్చేశాయి. నాగలికి అడ్డమొచ్చిన రాయిని పీకి ఇంటికి తెచ్చుకోవడం మాకెవరికీ తప్పుగా తోచలేదు. వాటిని కాపాడాల్సిన మునసబు గొడ్లచావిట్లోనే మూడు ఉండేవి. పొద్దంతా చేలు గాలించిన ఆఫీసరుకు చివరికి సర్వే గుర్తున్న రాయి మా పెరట్లో కనబడింది. దాని మీద మా అమ్మ బట్టలు బాదుతోంది.

"ఇది ఇక్కడ ఎప్పటినుంచి ఉందమ్మా?"

"నేను కాపరానికొచ్చిన కాణ్నించీ ఈడే ఉందయ్యా."

నిజమే. అంతకుముందు మా తాత దాన్ని చేలోంచి పీక్కొచ్చాడని నాకు తెలుసు. పిల్లలకు రోజూ అబద్ధమాడకూడదని చెప్పే నేను గొలుసు కొస తెచ్చి ఆ రాయికే ఆనించాను.

రాయి ఊళ్లోకొచ్చింది గనక చెరువూ దాని వెంటే వచ్చింది. గొలుసు లెక్కన అది మునసబు మిరపతోటను ముంచి, ఆఫీసరు కోడికూర తిన్న వసారా దాకా పాకింది. మునసబు ముఖం మాడిపోయింది. రాయి జరిగిందందామంటే చావిట్లో రాళ్లు బయటపడతాయి.

"పటమే తప్పండీ. ఈ ఊళ్లో చెరువన్నదే ఎప్పుడూ లేదు" అన్నాడు.

ఆఫీసరు అదే రాసుకుని, నన్ను సాక్షి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

చేను దక్కిందన్న సంతోషంతో, అన్నం తింటూ, ఊళ్లో చెరువే లేదని సంతకం కూడా అయిపోయిందని నాయనమ్మకు చెప్పాను. ఆమె నవ్వలేదు. కడవలు మోసి మోసి జుట్టు పలచబడ్డ నడినెత్తి తడుముకుంది.

"మరి వయసులో నేను నీళ్లు మోసింది ఏడనించిరా? ఏ సచ్చినోడు పెట్టాడ్రా ఆ సంతకం?"

జొన్నముద్ద మింగి, మునసబు పేరు చెప్పాను.