రేడియో బావ మౌనవ్రతం

బావకి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ పని చేసినా ముందు ప్రకటించి మరీ చేస్తాడు. "లేస్తున్నాను" అని లేస్తాడు. "తుమ్మబోతున్నాను" అని తుమ్ముతాడు. ఆ తుమ్ము కాస్తా రాకపోతే "రాలేదు, క్షమించాలి" అంటాడు. బావమరిది ఆయనకు రేడియో బావ అని పేరు పెట్టాడు. ఏం లాభం, రేడియో అయితే కట్టేయొచ్చు.

ఒకసారి లిఫ్టులో ఒకావిడ వెనక నిలబడి, "మీ వెనకే ఉన్నాను, చెయ్యి చాపుతున్నాను, భయపడకండి" అన్నాడు, బటన్ నొక్కుదామని పాపం! ఆవిడ పెట్టిన కేకకి అన్ని అంతస్తుల జనమూ పరుగెత్తుకొచ్చారు.

"ఈయనతో ఎలా వేగుతున్నావే అక్కా?" అన్నాడు బావమరిది.

"అలిగినా చెప్పి అలుగుతారురా. అదో సుఖం" అంది అక్క.

బావ పశువైద్య పరిశోధనశాలలో కంటి డాక్టరు. బావమరిది అక్కడే కొత్తగా కుక్కల ఆలనాపాలనా చూసే పనిలో చేరాడు. వాటిలో బుజ్జమ్మ ఒకటి. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువు చెడిపోయి పుట్టుగుడ్డిదైంది. కోరలు పీకేసిన వైరస్ మీద మంచి జన్యువుని ఎక్కించి, దాని కంటి లోపొరలోకి సూదితో పంపాడు బావ. ఒక కంటికి అయింది, కట్టు ఇంకా విప్పలేదు. అది పనిచేసిందని పరీక్షలో తేలితేనే రెండోది, లేదంటే ప్రయోగానికి మంగళం అన్నాడు అక్కడి పెద్దసారు.

పరీక్ష ముందురోజు బావమరిది మాటా పలుకూ లేకుండా వెళ్లి బుజ్జమ్మ మెడ మీద చెయ్యేశాడు. అది అదిరిపడి, మూలకి దూరి గజగజ వణికింది.

"చీకట్లో నీ మీద ఎవడో చెయ్యేస్తే నువ్వూరుకుంటావురా?" అన్నాడు బావ. "అందుకే అన్నీ చెప్పి చేస్తాను. అలవాటు ఇంటిదాకా వచ్చేసింది, ఏం చెయ్యను!"

బావమరిదికి లిఫ్టు సంగతి తలచుకుని ఇన్నాళ్లూ పడీ పడీ నవ్వినందుకు సిగ్గేసింది. కానీ మళ్లీ నవ్వొచ్చింది కూడా.

మర్నాడు గదినిండా అడ్డదిడ్డంగా కుర్చీలు వేశారు. కంటికట్టు విప్పగానే బుజ్జమ్మ వాటికి తగలకుండా నడవాలి. వాసన పట్టి నడవకుండా నేలంతా ఫినాయిలుతో కడిగారు, అందరికీ కొత్త కోట్లు ఇచ్చారు.

"ఒక్క మాట వినపడినా పరీక్ష రద్దు" అని పెద్దసారు అందరికీ చెప్పి, బావ వైపే చూశాడు.

ఫినాయిలు ఘాటుకి బావకి తుమ్ము ముంచుకొచ్చింది. ప్రకటిద్దామని నోరు తెరిచాడు. బావమరిది గభాలున అరచెయ్యి అడ్డం పెట్టాడు. తుమ్ము పోయింది, బావ కళ్లు మాత్రం చింతనిప్పులయ్యాయి.

బుజ్జమ్మ మొదటి కుర్చీ దగ్గర ఆగి, పక్కకి తప్పుకుంది. రెండోదాన్నీ చుట్టి వచ్చింది. గది చివర బొమ్మలా నిలబడ్డ బావ ముందుకొచ్చి తలెత్తింది. అంతే, గది ఎగిరిపోయేలా మొరుగుడు! ఈ బుర్రమీసాల మనిషెవరో దానికేం తెలుసు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన్ని విన్నదే గాని చూసింది లేదు.

"చాలు, రెండో కంటికి ఏర్పాట్లు చూడండి" అన్నాడు పెద్దసారు.

"నన్ను చూసి భయపడిందిరా!" అని బావ చిన్నపిల్లాడిలా గంతులేశాడు. "చూసి భయపడింది!"

తర్వాత గొంతుక్కూర్చుని మెల్లగా అన్నాడు: "నేనేనమ్మా. ఈ మీసం నాదే. సాయంత్రం తీయించేస్తున్నాను."

బుజ్జమ్మ తోకైతే ఊపింది గాని, మీసం మీంచి చూపు తిప్పలేదు.